అమ్మ చదవని కీర్తన

నా చిన్నప్పుడు మా అమ్మకు ఇరవై కీర్తనలు నోటికి వచ్చేవి. అక్షరం మాత్రం ఒక్కటి కూడా రాదు. అందులో వింతేమీ లేదు. పాలమూరు జిల్లాలో, జడ్చర్లకు ఆమడ దూరాన ఉన్న మా పల్లెలో చర్చికి వచ్చే పెద్దవాళ్ళందరూ అలాంటివాళ్ళే. పాస్టరు అయ్యగారు ఒక వచనం చదివితే సంఘమంతా తిరిగి చెప్పేది. ఆ మాటల్నే వారమంతా కలుపు తీస్తూ, జొన్నలు దంచుతూ వల్లె వేసుకునేవారు. ఎవరికి వచ్చిన కీర్తన వాళ్ళు ఆదివారం ముందుకు వచ్చి అప్పజెప్పాలి. అలా ముందుకు పిలిచేవాళ్ళలో మా అమ్మే మొదటిది. గుంటెడు భూమి లేక పరాయి చేలలో కూలి చేసుకునే మాకు, ఎవరూ లాక్కోలేని ఆస్తి అదొక్కటేనని ఆమె నమ్మకం.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది వానలు మొహం చాటేశాయి. జొన్న చేలు మోకాలెత్తు దాటకుండానే ఎండిపోయాయి. కృష్ణ మీద డ్యాం కడుతున్నారని, ఎంతమంది వచ్చినా పని ఉందని కబురు వచ్చింది. మేస్త్రీ ఒకడు మా వాడకు వచ్చి, చలికాలం దాటగానే జట్టును తీసుకుపోతానని చెప్పి వెళ్ళాడు. పోతే ఇంటిల్లిపాదీ పోవాలి. నేనూ మట్టి తట్ట మోయాలి. నా బడి అక్కడితో సరి.

ఆ రోజుల్లోనే, రెండు కోసుల దూరంలో ఉన్న మిషన్ దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకు ఒక మనిషి కావాలన్నారు. ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు ఉన్నారు. చీటీ చూసి ఏ మంచానికి ఏ మందు ఎంత ఇవ్వాలో చదవగల మనిషి లేదు. కొత్త సంవత్సరం వచ్చాక పరీక్షించి తీసుకుంటానని డాక్టరమ్మ చెప్పి పంపింది. సరిగ్గా అప్పుడే మా అయ్యగారి భార్య చర్చిలో పెద్దల బడి మొదలుపెట్టింది. పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళకు పొద్దు గూకే లోపల ఒక గంట పాఠం.

అమ్మ బాపును, అంటే మా నాన్నను, అడిగింది. "నేను బడికి పోత. చదువొస్తే దవాఖానల పనొస్తది. పిల్ల బడి ఆగదు."

బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, అరుగు మీద నుంచి వింటూనే ఉంది. "కట్టెల మోపు మోసే నెత్తికి పలకెందుకే? తల్లీ బిడ్డా ఒక్క బడికే పోతరా? ఇగ పొయ్యికాడ గటుక నేను కాయాల్నా?" అని ఎగతాళి చేసింది.

బాపు నవ్వలేదు. "కొత్త సంవత్సరం దాంక జూద్దాం. నీకు చదువొస్తే ఈడ్నే ఉందాం. రాకుంటే అందరం పోదాం," అన్నాడు.

బడికి పన్నెండు మంది వచ్చారు. ఉన్నవి నాలుగు పలకలు. మిగిలినవాళ్ళు చేటలో ఇసుక పోసుకుని వేలితో దిద్దేవాళ్ళు. కొడవలి పట్టి కాయలు కాచిన వేళ్ళు ఇసుకలో సున్నా చుట్టడానికి కూడా మొండికేసేవి. అయినా అమ్మ ఒక్క పూట మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా గొంగడి కప్పుకుని వచ్చి కూర్చుంది.

రెండు నెలలకు అయ్యగారి భార్య పరిశుద్ధ గ్రంథం తెరిచి, ఇది కాపరి కీర్తన అని చెప్పి అమ్మ ముందు పెట్టింది. అమ్మ వేలు పెట్టి మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. చివరిదాకా ఏటి నీళ్ళలా సాగిపోయింది. ఆడవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ ఆదివారం అమ్మ సంఘం ముందు నిలబడి, దేవుడు తనకు చదువు ఇచ్చాడని సాక్ష్యం చెప్పింది. సంఘం స్తోత్రం పలికింది. బాపు మేస్త్రీకి రామని చెప్పడానికి సిద్ధపడ్డాడు.

నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. ఆ రోజు బడిలో నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. ఆమె గొంతు కీర్తన ముగించేసరికి ఆమె వేలు ఇంకా మూడో వరుస మీదే ఉంది. అది చదవడం కాదని నాలుగో తరగతి పిల్లకు తెలియదా? కానీ అమ్మ ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. పైగా నా బడి నిలబడుతోంది. నోరు మూసుకున్నాను.

ఆమె ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. ఆ పుట మీద ఉన్నది ఆ కీర్తనేనని ఆమెకు తెలుసు, కీర్తన ఆమెకు వచ్చు. రెండూ కలిస్తే చదువే అనుకుంది. చెవితో నేర్చుకున్నవాళ్ళు అలాగే అనుకుంటారు.

అయ్యగారి భార్య కూడా ఆ వేలిని చూసింది. ఆమె సంఘంలో ఏమీ అనలేదు. మర్నాడు బడి అయ్యాక అందరినీ పంపించి, అమ్మను ఉండమంది. నేను అమ్మ కొంగు పట్టుకుని ఉండిపోయాను. ఆమె గ్రంథంలో ఒక వంశావళి ఉన్న పుట తీసింది. ఫలానావాడు ఫలానావాడిని కనెను అని పేర్ల మీద పేర్లు ఉండే పుట. ఆ పేర్లు ఏ సంఘమూ వల్లె వేయదు. ఏ ఆదివారమూ ఎవరూ అప్పజెప్పరు.

"గిది చదువు చెల్లే," అంది.

అమ్మ వేలు పెట్టింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మళ్ళీ చూసింది. చివరికి, "ఇయ్యాల దేవుడు నా నోరు తెరుస్తలేడు అమ్మగారూ," అంది.

"నోరు ఎప్పుడో తెరిచిండు. ఇప్పుడు తెరువాల్సింది కండ్లు."

అమ్మకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముఖం నల్లబడింది. దవాఖాన ఉద్యోగం గురించి, డ్యాం గురించి ఆమె అడగలేదు. "సంఘం ముందర సాక్ష్యం చెప్పిన గదా! అబద్ధ సాక్ష్యమైతదా?" అని అడిగింది.

"తెల్వక చెప్పింది అబద్ధం గాదు. తెలిసినంక ఊకుంటే ఐతది," అంది అయ్యగారి భార్య.

ఆమె నా వైపు చూడలేదు. అయినా ఆ మాట నాకే తగిలింది. ఇంటికి వెళ్ళే దారిలో నేను ఏడుస్తూ చెప్పేశాను, నాకు ముందే తెలుసని. అమ్మ ఆగింది. కొడుతుందనుకున్నాను. "ఇయ్యాల్టి సంది నా వేలు యాడుందో చెప్పు. దాపెట్టకు," అంది, అంతే.

తరువాతి ఆదివారం అమ్మ లేచి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు. "నేను చదువలే. నోటికొచ్చింది చెప్పిన. నాకింకా రాదు. వచ్చేదాంక బడికి పోత," అని కూర్చుంది. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంటికొచ్చాక అవ్వ, "ఉన్న పరువు గూడ పోగొట్టుకొని వచ్చినవ్," అని సణిగింది. బాపు గడ్డపార, తట్టలు సర్దడం మొదలుపెట్టాడు. కొత్త సంవత్సరానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి.

ఆ ఆరు వారాలు అమ్మ కీర్తనలు ముట్టుకోలేదు. వంశావళే చదువుతానని పట్టుబట్టింది. రోజుకు పది పేర్లు. వాటిని ఊహించి చెప్పడం కుదరదు. అక్షరం అక్షరం కూడబలుక్కోవలసిందే. ఆమె వేలి మీద నా చూపు. వేలు ముందుకు జారితే, "అమ్మా, ఎనుకకు," అనేదాన్ని. బావుల కింది చేలలో కలుపు తీసేచోట కొడవలి మొనతో మట్టిలో ఆ పేర్లు రాసేది. తోటి కూలీలు, "గీళ్ళంత నీ మేనమామలానే? గింతమంది ఉండి ఒక్కడూ చీర పెట్టకపాయె!" అని నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. పేరు మాత్రం పూర్తి చేసేది. మెల్లగా నవ్వినవాళ్ళే ఒంగి, "గిదేం పేరు?" అని అడగసాగారు.

కొత్త సంవత్సరం వచ్చింది. అమ్మ, నేను తెల్లవారగానే దవాఖానకు నడిచాము. డాక్టరమ్మ ముక్కుసూటి మనిషి. వార్డులోని ఒక చీటీ తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ఇదివరకు చూడని రాత, ఇదివరకు వినని మనిషి పేరు. అమ్మ వేలు పెట్టి నింపాదిగా చదివింది. మంచం అంకె చదివింది. రోగి పేరు చదివింది. ఎర్ర సీసా మందు, పొద్దున, మాపున, అని చదివింది. ఆ తరువాత ఆగిపోయింది. అక్కడ తడి తగిలి సిరా అలుక్కుపోయి ఉంది.

ఒక చెంచా అని నేను గొణగబోయాను. అన్ని చీటీల్లోనూ అలాగే ఉంటుందని నాకు అనిపించింది. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కి ఆపింది.

"ఒక్క చెంచానో, రెండో, కనవడ్తలేదు డాక్టరమ్మా. నాకు తెల్వది. రాసినోళ్ళను అడిగి ఇస్త."

డాక్టరమ్మ చీటీ వెనక్కి తీసుకుంది. "వేగంగా చదివేవాళ్ళు దొరుకుతారు. తెలియదని అడిగేవాళ్ళే దొరకరు. రేపటి నుంచి రా," అంది.

అమ్మా, అవ్వా, నేనూ డ్యాంకు పోలేదు. బాపు మాత్రం ఒంటరిగా ఆ ఒక్క సీజను జట్టుతో వెళ్ళి, ఆ తరువాత ఊళ్ళోనే ఉండిపోయాడు. అమ్మ వార్డులో పనిచేస్తూనే కాన్పుల పని నేర్చుకుంది. ఆమెను చూసి పెద్దల బడిలో మరో ముగ్గురు కుదురుకుని నేర్చుకున్నారు. ఒకామె బాలవాడిలో చిన్నపిల్లలను చూసుకునే ఆయా అయింది. అవ్వ తనకు ఉత్తరం వస్తే పోస్టుమాన్‌ని గుమ్మంలోనే ఆపి, "మా కోడలు చదువుతది, పెట్టిపో," అనేది. నేను చదువు పూర్తి చేసి నర్సునయ్యాను. దేవుడు ఇలా నడిపిస్తాడని ఆ ఏడు మాకెవరికీ తెలియదు.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చీటీ మీద రాత అర్థం కాక మెట్లెక్కి వెళ్ళి డాక్టరును అడిగిన రోజులు లెక్కలేనన్ని. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. ఇంత చిన్నది తెలియదా అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. నాకూ సిగ్గు వేసేది. సిగ్గు వేసినప్పుడల్లా, నిండు సంఘంలో ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి "నాకింకా రాదు" అన్న ఆడదాని కడుపున పుట్టానని తలుచుకుని, మళ్ళీ అడిగేదాన్ని. ఇప్పటికీ అడుగుతాను.