మామ చేతికి జెల్ల ముల్లు వైద్యం

పక్షవాతంతో పడుకున్న మామ చేతిని లేపబోయి, బాగున్న నా చేతిని పడుకోబెట్టిన ఘనుణ్ణి నేను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. పులికాట్ ఒడ్డున మా పల్లెలో స్కూలు ఫైనలు దాకా వెళ్లి తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, తెలియని సంగతులన్నీ నన్నే అడిగేవాళ్లు.

చినిగిన వల బాగుచేయడంలో మామను మించినవాళ్లు లేరు. అలాంటి మనిషికి కుడిపక్క పడిపోయింది. ఐదు నెలలైనా చెయ్యి కదల్లేదు. రోజూ పొద్దున్నే వల ఒళ్లో వేయించుకుని, చిరుగుల వంక చూస్తూ కూర్చునేవాడు.

అంతలో రంగూన్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఒక పెద్దాయన, అక్కడ చీనా వైద్యుడు ఇలాంటివాళ్లకు సూదులు గుచ్చుతాడనీ, కొందరు లేచి నడిచారనీ చెప్పాడు. నాకిక నిద్ర పడితే ఒట్టు. ఏ సూది? ఎక్కడ? ఎంత లోతు? గుచ్చితే చచ్చుబడిన చేతికి ఎలా తెలుస్తుంది? వారం రోజులు వెంటపడి ఆయన ప్రాణం తీశాను. చివరికి తేలిందేమిటంటే, ఆయన చూసింది వీధిలో నిలబడి, కిటికీలోంచి.

మిగతాది నేనే ఆలోచించాను. మీరూ ఆలోచించండి. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఎంత మొండివాడైనా గంతులేస్తాడు. అంతటి ముల్లు నిద్రపోతున్న చేతిని లేపదా? పాపం, చీనావాళ్లు జెల్లలు దొరక్క సూదులతో సరిపెట్టుకున్నారని తేల్చేశాను.

అప్పుడే పట్టిన జెల్ల ముల్లు విరుచుకుని వెళ్లాను. మామ ఎడంచేత్తో తన కుడిచేతిని ఎత్తి నా ముందు పెట్టాడు. ఆ కళ్లలో ఆశ చూసి నాకే భయమేసింది. అడ్డుపడింది అత్త.

"ముందర నీ చేతికి పొడుచుకో అబ్బయా. నువ్వు బాగుంటే అప్పుడు చూస్తాం" అంది.

పౌరుషానికి పోయి ఎడమ అరచేతిలో పొడుచుకున్నాను. నా గంతులు చూడ్డానికి పడవలు ఆగిపోయాయని ఇప్పటికీ చెబుతారు. సాయంత్రానికి చెయ్యి బూరెలా ఉబ్బింది. అత్త వేడినీళ్లలో ముంచినంతసేపూ తిడుతూనే ఉంది.

మర్నాడు మామ కుడిపక్కన కూలబడ్డాను. ఇద్దరికీ పనిచేసేది చెరో చెయ్యి. ఆయన నా చేతిని చూసి, తన చేతిని చూసుకుని, ఎడంచేత్తో వల కన్ను ఎత్తి పట్టుకున్నాడు.

"పుల్ల నువ్వు తీసుకో" అన్నాడు.

దారం చుట్టిన వెదురుపుల్ల కుడిచేత్తో తీసుకుని ముడి వేశాను. బిగించమన్నాడు, బిగించాను. ఇంకో కన్ను పట్టాడు. మధ్యలో నా ముడులు చూసి నవ్వాడు. ఐదు నెలల తర్వాత ఆ నవ్వు విని నా చేతి నొప్పి మరిచిపోయాను. పది రోజుల్లో వల పూర్తయింది.

నా వాపూ తగ్గింది. గొప్పగా వేళ్లు ఆడించి చూపించాను. మామ ముఖం చిన్నబోయింది. మూలనున్న ఇంకో చినిగిన వల వైపు చూశాడు.

"ఇంకొకటి ఉండాది రా. పొయ్యి ఇంకో ముల్లు తెచ్చుకో" అన్నాడు.

గంగమ్మ సాక్షిగా ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో జెల్ల ముల్లుతో వైద్యం చేయను, చేయించుకోను అని. ఒట్టు పెట్టుకుని, ఆ రెండో వల లాక్కుని మళ్లీ మామ కుడిపక్కనే కూర్చున్నాను, నయమైన ఎడంచేతిని వీపు వెనక దాచుకుని.