చిల్లు పొడిచిన డబ్బాలు

గుంటూరులో ఆ కాలేజీ పర్యావరణ క్లబ్బులో చేరాలంటే ఒక కాగితం నింపి ఇవ్వాలి. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, ఆఖర్న ఒక ప్రశ్న: ఈ క్లబ్బులో ఎందుకు చేరాలనుకుంటున్నారు? దాని కింద నాలుగు ఖాళీ గీతలు. ఖుర్షిదా పెన్ను ఆ గీతల దగ్గర చాలాసేపు ఆగిపోయింది. చివరికి పక్కనున్న శ్రీదివ్య కాగితంలోకి తొంగి చూసి, భూమాతను కాపాడుకోవడం మన బాధ్యత అని ఆ పిల్ల రాసిందే తనూ రాసి ఇచ్చేసింది.

దస్తూరీ బాగుంటుందని బిందుమాధవి మేడం ఆ కాగితాలన్నీ రిజిస్టరులోకి ఎక్కించే పని ఆమెకే అప్పజెప్పింది. నలభై రెండు కాగితాలు, సగానికి పైగా భూమాతలే. త్రినాథ్ ఒక్కడే సర్టిఫికెట్ కోసం అని ఉన్నమాట రాశాడు. శ్రీదివ్య వాళ్ళ ఇల్లు మిర్చి యార్డు పక్కన. సీజను మొదలైతే ఇన్‌హేలరు లేకుండా ఆ పిల్ల రెండో అంతస్తు ఎక్కలేదు. ఆ ముక్క కాగితంలో ఎక్కడా లేదు. ఇంతమందీ అసలు సంగతి ఇంటి దగ్గర దాచిపెట్టి వచ్చారేమో అనుకుంది ఖుర్షిదా. ఒకే వాక్యాన్ని అన్నిసార్లు ఎక్కించేసరికి ఆమెకు వాళ్ళమీద కంటే తనమీదే ఎక్కువ విసుగు పుట్టింది.

ఆమె దాచిపెట్టింది ఒక తెల్ల డబ్బా సంగతి.

ఖుర్షిదా తండ్రి అయూబ్ మిరపచేలకు పురుగుమందు కొడతాడు. ప్రత్తిపాడు అవతల వాళ్ళ ఊరు. నల్లతామర పురుగు దిగిన ఏడాది నుంచి అతని వీపు మీద పంపు దిగిన రోజు తక్కువ. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. చేను రైతుది, మందు రైతుది, ఖాళీ డబ్బా మాత్రం కొట్టినవాడిది. చిన్న సీసాలు పాత సామాన్లవాడికి పోతాయి. ఐదు లీటర్ల తెల్ల డబ్బాలకు మాత్రం ఊళ్ళో గిరాకీ. బిగువైన మూత, పట్టుకోవడానికి పిడి, చేలోకి నీళ్ళు మోసుకెళ్ళడానికి భేషుగ్గా ఉంటాయి. అయూబ్ వాటిని కాలవలో కడిగి, దొడ్లో ఎండబెట్టి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చేవాడు. పెద్ద రైతులు కూడా అతని గుమ్మంలోకి వచ్చి అడిగే వస్తువు అదొక్కటే మరి.

దొడ్లో కడిగినవి ఒక కుప్ప, కడగనివి ఒక కుప్ప. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఎదురింటి కోటిరత్నం వచ్చి డబ్బా అడిగితే, పని నుంచి అప్పుడే వచ్చిన అయూబ్ అలసటలో చేతికందింది తీసి ఇచ్చాడు. అది కడగని కుప్పలోది. అరుగు మీద కూర్చున్న ఖుర్షిదా చూసింది. చెబుదామనుకుంది. ఇంతలో ఫోన్ మోగింది, ఆ మాట మరుపున పడింది.

మర్నాడు ఆ డబ్బాలో నీళ్ళు తీసుకుని మిరపకోతకు వెళ్ళిన కోటిరత్నం నురగలు కక్కుతూ సాలులో పడిపోయింది. ఆటోలో వేసుకుని గుంటూరు తీసుకెళ్తే ఆరు రోజులకు మనుషుల్లో పడింది. అయితే అంతకు రెండురోజుల ముందే ఆమె మొగుడు ఆదెయ్యతో పోట్లాడిన సంగతి వీధంతా విన్నది. ఇంకేముంది, పురుగుమందు తాగిందన్నారు. తాగలేదని ఆమె ఎంత మొత్తుకున్నా, పరువు కోసం అలాగే అంటుందిలే అన్నారు. ఆదెయ్య ఈనాటికీ మందు సీసాలున్న గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకుంటాడు. కోతకు పోతే మేస్త్రీ ఆమెను కనుచూపు మేరలోనే ఉంచుకుంటాడు. ఆ డబ్బాను అయూబ్ ఎప్పుడో వాళ్ళింటి నుంచి తెచ్చి పొయ్యిలో పెట్టేశాడు. ఇంట్లో ఆ ఊసు లేదు. తండ్రికి తెలుసునని ఖుర్షిదాకు తెలుసు. ఖుర్షిదాకు తెలుసునని తండ్రికి తెలుసో లేదో ఆమెకు తెలియదు.

అందుకే క్లబ్బు మొదటి సమావేశంలో లేచి నిలబడి, మా ఊళ్ళో మందు డబ్బాలు ఏరి, మళ్ళీ వాడకుండా చిల్లులు పొడిచి పంపించేద్దాం మేడం అంది. మేడానికి సగం నచ్చింది. ఏరడం బాగుందంది. చిల్లులెందుకు, రంగులేసి పూలకుండీలు చేద్దాం అంది.

ఒక ఆదివారం కాలేజీ బస్సు ఊళ్ళోకి వచ్చింది. పచ్చ టోపీలు పెట్టుకున్న పిల్లలు డబ్బాలు ఏరి, గేదెలు నీళ్ళు తాగే ఆ కాలవలోనే కడిగి ఫోటోలు దిగారు. వద్దని ఖుర్షిదా ఒకరి తర్వాత ఒకరికి చెబుతూనే ఉంది. బ్యానరు పట్టుకోమని ఆమెను అవతలికి పిలిచారు. అయూబ్ తన రెండు కుప్పలూ ఎత్తి ఇచ్చేసి, మేడానికి చల్లటి మజ్జిగ తెప్పించాడు.

చిన్న డబ్బాలు కుండీలై కాలేజీ గోడకెక్కాయి. పెద్ద తెల్లవి అరవై దాకా, ఎగ్జిబిషనులో గోపురంలా పేర్చడానికని షెడ్డులో పెట్టారు. పదిరోజుల తర్వాత వాచ్‌మన్ అంకయ్య కుర్చీ కింద అందులోదొకటి కనిపించింది. నిండా మంచినీళ్ళు.

ఖుర్షిదా అంకయ్యకు చెప్పింది. అతను నవ్వి, తాతల నాటి నుంచి ఏం కాలేదు, ఇప్పుడేమవుతుందన్నాడు. మేడానికి చెప్పింది. అవన్నీ కడిగినవే, లేనిపోని భయాలు పెట్టకు, కావాలంటే దానిమీద ప్రాజెక్టు రాసివ్వు అంది మేడం. మూడోసారి వెళితే కళ్ళజోడు తీసి అడిగింది.

"నలభై మందిలో నీకొక్కదానికే ఎందుకమ్మా ఇంత పట్టుదల?"

నాలుగు ఖాళీ గీతలు మళ్ళీ ఎదురొచ్చి నిలబడ్డాయి. ఖుర్షిదా బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి, ఒక్క వాక్యం చెప్పలేని దానికి క్లబ్బెందుకని తనను తాను తిట్టుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులోకి వెళ్ళి, ఒక మేకూ ఒక రాయీ పట్టుకుని, ఒక్కొక్క డబ్బాకూ అడుగున చిల్లు పొడిచింది. గంట పట్టింది. అంకయ్య డబ్బాను మాత్రం ముట్టుకోలేదు. అది అతని కుర్చీ కిందే ఉంది.

మర్నాడు తండ్రిని పిలిపించారు. అయూబ్ ఉతికిన చొక్కా వేసుకొచ్చి మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు రెండువారాలు కష్టపడ్డారని, ఎగ్జిబిషను వారంలోనే ఉందని, ఖుర్షిదాను క్లబ్బులోంచి తీసేస్తున్నామని మేడం చెప్పింది. ఎందుకు చేశావమ్మా అని అయూబ్ అడగలేదు. కూతురి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపుతో ఖుర్షిదాకు అర్థమైంది. ఆ సాయంత్రం తను చూసిందని ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

గేటు దగ్గర అయూబ్ ఆగి, కుర్చీ కిందికి వంగి, తెల్ల డబ్బాను బయటికి లాగాడు.

"అంకయ్యగారూ, ఇది పారేయండి."

"మీరూ మీ అమ్మాయీ ఒకటే పాటండి. సబ్బేసి కడిగానయ్యా బాబూ, నాలుగుసార్లు."

"మా ఎదురింటావిడ కూడా సబ్బేసే కడిగిందండి" అన్నాడు అయూబ్. "నేనిచ్చిన డబ్బానే. ఆరు రోజులు ఆస్పత్రిలో పడుంది."

అంకయ్య నవ్వు ఆగిపోయింది. డబ్బాను చేత్తో కొంచెం అవతలికి జరిపాడు. పారబోశాడో లేదో వాళ్ళు చూడలేదు, బస్సు వచ్చేసింది.

బస్సు ప్రత్తిపాడు చేరింది. అప్పుడు ఖుర్షిదా అంది.

"ఆ మాట చెప్పాల్సింది గుంటూరులో కాదు నాన్నా. మనూళ్ళో."

"చెబుతాలే."

ఆ చెబుతాలేను ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. వానకు ఇల్లు కారినప్పుడు చూద్దాంలే, చేతులు వణుకుతున్నాయి డాక్టరుకు చూపించుకో అంటే వెళదాంలే. కిటికీ వైపు తిరిగింది. మూడేళ్ళుగా తనూ అంతకంటే చేసిందేమీ లేదన్న సంగతి ఆ కోపాన్ని ఇంకా పెంచింది.

వాళ్ళు వీధిలోకి తిరిగేసరికి కోటిరత్నం అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఏం అయూబన్నా, కాలేజీ వాళ్ళు పిలిచారంట. పిల్లేం చేసిందేంటి?"

"డబ్బాలకు చిల్లులు పొడిచింది."

"అయ్యో, బంగారంలాంటి డబ్బాలు. ఎందుకంట?"

ఖుర్షిదా ఆగలేదు, ఇంట్లోకి వెళ్ళబోయింది. వెనక తండ్రి అడుగులు వినబడలేదు. గుమ్మంలోంచి తిరిగి చూసింది. అయూబ్ చెప్పులు విడిచి, మిరపకాయల కుప్పను పక్కకు జరిపి, కోటిరత్నం ఎదురుగా అరుగు మీద కూర్చుంటున్నాడు. ఖుర్షిదా సంచి గుమ్మంలోనే పెట్టి, తనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.