జైన్ అన్న నలభై రోజులు

నాకు అరబ్బీ వచ్చని చెప్పడం పూర్తిగా అబద్ధమేం కాదు. ఫోన్లో సర్టిఫికెట్ ఉంది, బంగారు రంగు అంచుతో సహా. కరోనా తర్వాత నేను పనిచేసే చిన్న క్లినిక్ మూతపడింది. అప్పుడు దుబాయిలో, సత్వా అనే పేటలో ఆరుగురం ఉండే గదిలో, పై మంచం మీద బోర్లా పడుకుని మూడు నెలలు ఒక యాప్‌లో వీడియోలు చూశాను. నల్లకోటు వేసుకున్న ఒకావిడ ఒక వాక్యం చెబుతుంది, మనం తిరిగి చెప్పాలి, సరిగ్గా చెబితే ఫోను పచ్చ టిక్కు పెడుతుంది. అర్థం కాకపోతే వేలితో వెనక్కి లాగితే చాలు, ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెబుతుంది. నేను చిన్నప్పటినుంచీ మార్కుల పిచ్చిదాన్ని. టిక్కులు వరసగా పడుతుంటే భాష వచ్చేసిందనే అనుకున్నాను.

ఇళ్ళకు నర్సుల్ని పంపే ఏజెన్సీలో అరబ్బీ వచ్చా అని అడిగితే ఆ సర్టిఫికెట్ చూపించాను. వాళ్ళు వేసిన రెండు ప్రశ్నలూ మొదటి వారం వీడియోల్లోవే. అలా కల్బా అనే ఊళ్ళో పడ్డాను, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఒక ఇంట్లో, షుగరున్న ఒక పెద్దావిడని చూసుకోవడానికి.

అక్కడి అరబ్బుల ఇళ్ళల్లో పెద్దావిడని 'మామా' అని పిలవాలి. ఫోన్లో విని మా అమ్మ మొదట కంగారుపడింది, ఎవరే ఆ మామ అని. ఈ మామా మాటలకీ నా నల్లకోటు ఆవిడ మాటలకీ చుట్టరికమే లేదు. కోటు ఆవిడ వార్తలు చదివినట్టు ఒక్కో మాటా విడదీసి పలికేది. మామా పళ్ళు లేని నోటితో అంతా ఒక్క గుక్కలో చెప్పేసేది. పది మాటల్లో నాకు అందేవి రెండు. మిగతా ఎనిమిదికీ 'జైన్' అనేదాన్ని. సరే అన్నా, అలాగే అన్నా, బాగుందన్నా అక్కడ అదే మాట, నర్సు పని దాంతో హాయిగా జరిగిపోతుంది.

ఆ ఇంట్లో కారు నడిపే ఆయనది జగిత్యాల వైపు. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాడు, అరబ్బీ మంచినీళ్ళలా మాట్లాడతాడు. ఆడవాళ్ళ గదుల వైపు రాడు, వంటింటి గుమ్మం దాకానే. ఒకరోజు అక్కడ నిలబడి టీ తాగుతూ, లోపల్నించి నా జైన్‌లు విన్నాడు.

"సిస్టర్, సమజ్ కాకుంటే కాలేదని చెప్పుండ్రి. ఊకె జైన్ జైన్ అనుకుంట పోతే ఏడనో ఇరుక్కుంటరు" అన్నాడు.

"నాకు అర్థమవుతోందండీ" అన్నాను ఒళ్ళు మండి. ఇంకెప్పుడూ ఆయన్ని ఏమీ అడగకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. నా కోపం ఎప్పుడూ నాకే చేటు చేస్తుంది.

రోజూ పొద్దున్నే వేలు గుచ్చి షుగరు చూసి, ఇన్సులిన్ ఇవ్వడం నా మొదటి పని. నేను వెళ్ళిన రెండో నెలలో మామాకి కొత్త అలవాటు మొదలైంది. సూది వేయకముందు నా మణికట్టు పట్టుకుని, గొంతు తగ్గించి ఏదో చెప్పేది. రోజూ అదే. "జైన్, మామా, జైన్" అనేదాన్ని. అప్పుడు చెయ్యి వదిలి, నా చేతి మీద రెండుసార్లు తట్టి, స్థిమితంగా వెనక్కి వాలేది. ఏదో దీవెన అనుకున్నాను. తర్వాత రిజిస్టర్లో షుగరు నంబరు వేసి, దాని కింద 'కంప్లైంట్స్ ఏమీ లేవు' అని రాసి, ఫోటో తీసి ఆవిడ కొడుక్కి పంపేదాన్ని. ఆయన అబూదాబీలో ఉద్యోగం, శుక్రవారాలు వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక యాప్ తెరిస్తే కొత్త వీడియోలు కనిపించాయి. ఈ దేశపు ఇళ్ళల్లో మాట్లాడుకునే అరబ్బీ అట. మొదటి దాంట్లో ఒక చిన్నపిల్ల గాజు గ్లాసు పగలగొట్టి, అన్న చెయ్యి పట్టుకుని గుసగుసగా అంటుంది: నాన్నకి చెప్పకు. నేను తిరిగి చెప్పాను. పచ్చ టిక్కు పడింది. రెండోసారి చెబుతుంటే నా గొంతు నాకు బాగా తెలిసిన ఇంకొకరి గొంతులా వినిపించింది. అదే గుసగుస, అదే చెయ్యి పట్టుకోవడం. నాన్న ఉన్నచోట కొడుకుని పెడితే మామా రోజూ పొద్దున చెప్పే మాట అది.

ఏం చెప్పొద్దంటోంది? ఏం దాచిపెడతానని నేను రోజూ మాటిస్తున్నాను? రిజిస్టర్ తీసి వెనక్కి లెక్కపెట్టాను. చెయ్యి పట్టుకోవడం మొదలై నలభై రోజులు. నలభై పేజీల్లోనూ కంప్లైంట్స్ ఏమీ లేవు. వెళ్ళి అడుగుదామంటే, ఇన్నాళ్ళూ అర్థం కాలేదని ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున సూది పట్టుకుని నిలబడ్డాను. మామా నా మణికట్టు పట్టుకుంది. ఒక్కో మాటా ఏరుకుంటూ విన్నాను. కన్ను. ఎడమ. కనిపించడం లేదు. విమానం. నా కొడుక్కి చెప్పకు. జైన్ అనకూడదనుకుంటూనే ఉన్నాను, నోరు అలవాటుకొద్దీ అనేసింది. ఆవిడ నా చేతిమీద తట్టి వెనక్కి వాలింది.

రోజూ సూది అయ్యాక ఇచ్చే ఖర్జూరాల పళ్ళెం చప్పుడు కాకుండా ఆవిడకి ఎడమవైపు పెట్టాను. ఆవిడ పళ్ళెం కోసం కుడివైపంతా తడుముకుంది. నా చెయ్యి ఎడమ చెంప పక్కన ఆడించాను. రెప్ప కదల్లేదు. ఆ నెలలో ఎడమవైపు మూడుసార్లు కాఫీ ఒలికితే ముసలితనం అనుకుంటూ తుడిచింది నేనే. షుగరు మనిషికి ఒక కన్ను పోతోందంటే రెండోది ఎంత దూరంలో ఉంటుందో నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు. నాకు అప్పుడు వేసిన భయం ఆవిడ కంటి గురించో నా ఉద్యోగం గురించో ఇప్పటికీ తెలీదు.

"మామా, నేను చెబుతాను. ఆసుపత్రికి. ఈరోజే" అన్నాను, వచ్చిన నాలుగు ముక్కల్లో.

ఆవిడ నా వైపు తల పూర్తిగా తిప్పింది. "జైన్ అన్నావు కదా" అంది.

నాకు అర్థం కాలేదని అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. ఏమీ రాని నర్సుగా తేలడం కన్నా మాట తప్పినదాన్ననిపించుకోవడమే నయమనిపించింది. ఆవిడ ఎదురుగానే కొడుక్కి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఫోన్లో కొడుకు గొంతు పెరగడం విని, మొహం గోడవైపు తిప్పేసుకుంది.

పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడు గంటల్లో కొడుకు వచ్చాడు. ఎప్పటినుంచి ఇలా ఉంది అని డాక్టర్ అడిగితే ఆయన నా వైపు చూశాడు. "నాకు ఈ పొద్దున్నే తెలిసింది సర్" అన్నాను. అదీ అబద్ధం కాదు. ఎడమ కన్ను ఇక రాదన్నారు, నెల ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమన్నారు. కుడి కన్ను కూడా పోకుండా లేజర్ చేసి ఆపారు. కొడుకు బయటికి వచ్చి, మీరు కనిపెట్టారు కాబట్టి అదైనా దక్కిందని నాకు థాంక్స్ చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక మామా నాతో మాట్లాడటం మానేసింది. నీళ్ళు కావాలంటే వేలు చూపించేది. సూదికి చొక్కా చెయ్యి తనే పైకి లాక్కునేది. నా మణికట్టు పట్టుకునేది కాదు. నీరసం అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. భాష రానిదానితో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడుతోందని నాకొక్కదానికే తెలుసు. పది రోజులు ఓర్చుకున్నాను.

'నాకు అర్థం కాలేదు' అన్నది మొదటి వారం పాఠమే. దానికీ పచ్చ టిక్కు వచ్చింది. బతికున్న మనిషి ముందు ఒక్కసారీ వాడలేదు. పదకొండో రోజు పొద్దున సూది పక్కన పెట్టి, ఆవిడ కుడివైపు నేల మీద కూర్చుని చెప్పాను. "మామా, అప్పుడు మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే జైన్ అన్నాను. నలభై రోజులు."

తిడుతుందనుకున్నాను. ఉన్న ఒక్క కన్నూ నా వైపు తిప్పింది. తర్వాత నెమ్మదిగా, నాకోసం ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"మా ఆయన్ని వైద్యానికని విమానం ఎక్కించారు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ భయం నేను నీకొక్కదానికే చెప్పుకున్నాను. మరి అన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు?"

ప్రతి మాటా అర్థమైంది. జైన్ అనడానికి నోరు రాలేదు.