బర్రె కొనబోయి కంప్యూటర్ తెచ్చాం

నేను ఏడో తరగతిలో ఉండగా మా రెండు బర్రెల్లో ఒకటి వట్టిపోయింది... ఎనభైల మధ్యలో సంగతి.

పురానాపూల్ దగ్గర ఉండేవాళ్లం. బాపు సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్. అమ్మ వాడకట్టంతా పాలు పోసేది. కాళ్ల కడియాలు అమ్మి, ఇంకో బర్రె తెమ్మని ఆ డబ్బు బాపు చేతిలో పెట్టింది. నేనూ వెంట వెళ్లాను.

బర్రెల అంగడికి పోవాలంటే కోఠీలో బస్సు మారాలి. అక్కడ ఒక దుకాణం ముందు జనం... లోపల టీవీకి తగిలించిన కంప్యూటర్. దుకాణదారు నన్ను చూసి, "నామ్ క్యా హై బేటీ?" అన్నాడు. చెప్పాను. ఏవో మీటలు నొక్కాడు. తెర నిండా ఇంగ్లీషులో నా పేరే... సుజాత, సుజాత, సుజాత.

బాపు నా ముఖంలోకి చూశాడు. "కావాల్నా బిడ్డా?"

తల ఊపాను.

తయారుగా ఉన్నది కొనేంత డబ్బు లేదు. విడి సామానుగా అయితే సస్తా, ఇంట్లో బిగించుకోవచ్చన్నాడు దుకాణదారు. "దినాం మిషిన్లు ఇప్పి బిగిస్త భాయ్, గిదెంత," అన్నాడు బాపు.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ పసుపు, కుంకుమ పళ్లెంతో గడపలో నిలబడి ఉంది. మా వెనకాల వీధిలోకి చూసింది.

"బర్రె ఏది?"

"మల్ల కొందం తియ్. గిది పిల్ల సదువుకు."

అమ్మ బాపు చేతిలోని డబ్బా తెరిచి చూసింది. పచ్చటి పలక, వైర్లు, సంచిలో మీటలు...

"దీన్ని పిండితే పాలిస్తదా?" అంది. అరవలేదు. పళ్లెం లోపల పెట్టి, పాలిచ్చే ఒక్క బర్రెకు కుడితి కలపడానికి పోయింది.

ఇక ప్రతి ఆదివారం అదే పని. కాగితంలోని ఇంగ్లీషు నేను డిక్షనరీ పట్టుకుని చదివేదాన్ని, బాపు టంకం పెట్టేవాడు. పక్కింటి ఖాలా టీవీ ఇచ్చేది. తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు... మూడో నెలలో ఒక తెల్ల గీత మెరిసింది, మీట నొక్కితే అక్షరం పడింది. గంటసేపు కూర్చుని ప్రోగ్రాం కొట్టాను. కరెంటు పోయింది. అంతా చెరిగిపోయింది.

చెరగకుండా క్యాసెట్లో దాచాలంటే టేప్ రికార్డర్ కావాలట. బాపు ఆ రోజే సైకిల్ అమ్మేసి కొనుక్కొచ్చాడు. అది కీచుమని అరిచిందే తప్ప ఒక్క అక్షరం దాచలేదు. ఆ కోపంలో బాపు మళ్లీ అన్నీ విప్పి బిగించాడు... కాలిన వాసన వచ్చింది. అంతే.

మర్నాడు దుకాణానికి పోతే, మీరు బిగించుకున్న దానికి మాకేం సంబంధం అన్నారట. బాపు ఇంటికొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే ఇంగ్లీషు తప్పు సదివినవ్."

అమ్మ పాల చెంబు కింద పెట్టింది. "పిల్లనెందుకంటవ్? పైసలు నీ చేతిల వెట్టింది నేను."

దుకాణంలో నేను తల ఊపానని అమ్మకు తెలియదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఏడాది తిరక్కముందే రెండో బర్రె కూడా వట్టిపోయింది. వాడకట్టు వాళ్లు ప్యాకెట్ పాలకు మళ్లారు. పొద్దునే ప్యాకెట్ కోసం అమ్మ వాళ్లతోపాటే లైన్లో నిలబడేది... ఆ తర్వాత ఒక బళ్లో ఆయాగా చేరి, మోకాళ్లు పోయేదాకా చేసింది.

బాపు మాత్రం చివరిదాకా చుట్టాలతో, "మా బిడ్డకు గప్పుడే కంప్యూటర్ కొనిచ్చిన," అని గొప్పగా చెప్పుకునేవాడు. అమ్మ ఆ మాట రాగానే లేచి లోపలికి వెళ్లిపోయేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని... ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఇవాళ ఫోన్లో వేలు ఆనిస్తే వస్తువు గుమ్మంలోకి వస్తోంది. నచ్చకపోతే వెనక్కి పోతోంది. అప్పట్లో ముచ్చటపడి తెచ్చిన ఒక్క వస్తువు బరువును ఇల్లంతా ఏళ్ల తరబడి మోయాల్సి వచ్చేది... మా ఇంట్లో అది అమ్మ మోసింది.

మీ ఇంట్లో ఎవరు మోశారు? వాళ్ల గురించి కింద రెండు మాటలు రాయండి... మెచ్చుకోలుగా కాదు, జరిగింది జరిగినట్టే.