విడిగా ఉన్న పోర్టు

మండపేట నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో, నా ఒళ్ళో ఉన్న, ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ వైర్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ని పక్క సీట్లో ఆవిడ అదే పనిగా చూస్తున్నారు.

"మా మిల్లాఫీసులోనూ ఇలాంటిదే ఉందండి. వైరు గుచ్చే ఆ ఒక్క పోర్టు విడిగా ఉందేంటి?"

"మీ బిల్లులు, కెమెరాలు, డేటా అంతా ఈ వరస పోర్టుల్లోంచి వెళ్తుందండి. స్విచ్‌ని సరిచేసే మేం మాత్రం ఆ విడి పోర్టులోంచి వస్తాం. ఇటు రద్దీతో ఆగిపోయినా అటు దారుంటుంది."

"మరి మీరు లోపలికొచ్చినట్టు మాకెలా తెలుస్తుందండి?"

"మీకు తెలియాల్సిన పనేం లేదండి," అన్నాను కాస్త విసుగ్గా.

ఆవిడ కొంచెం పక్కకు జరిగి, చేతిలోని ఫోన్‌ని ఒళ్ళో బోర్లించుకున్నారు. ద్వారపూడిలో దిగిపోయేదాకా దాన్ని మళ్ళీ తిప్పలేదు.

ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్ళినా, ఆ పోర్టుకి వైరు తగిలించే ముందు అందరికీ వినబడేలా అంటాను: "లోపలికి వస్తున్నానండి."