ఎండ తగిలిన డ్రమ్ము

పంజాగుట్టలో సిటీ బస్సెక్కిన ఆ పెద్దాయన బనియన్ మీదే ఉన్నాడు. చొక్కా విప్పి, అందులో గొట్టంలాంటిదేదో చుట్టి, రెండు చేతులా పొట్టకు అదుముకున్నాడు. బ్రేకు పడ్డప్పుడల్లా నా సీటు మీదికి తూలుతున్నాడు.

“కడ్డీ పట్టుకోండి, పడిపోతారు,” అన్నాను.

“అది పట్టుకుంటె ఇది వదలాలె మేడం. మా ఆఫీసు జిరాక్స్ మిషన్ల డ్రమ్ము. తుడువమన్నరు. తుడిచి, ఆరుతదని కిటికీల ఎండకు పెట్టిన. దీనికి వెలుతురే తగలొద్దంట, నాకెవ్వలు చెప్పలే. ఇప్పుడు కాపీలన్ని నల్లగొస్తున్నయ్. ఇది బాగుగాకుంటె ఇంక పనికి రావద్దన్నరు.”

కిటికీలోంచి ఎండ చొక్కా మీద పడింది. ఆయన గబుక్కున వీపు అడ్డం పెట్టాడు.

“ఇంటికి తీస్కపోయి కొన్ని రోజులు చీకట్ల పెడితె మల్ల మంచిగైతదంటరు. అయితదా మేడం?”

నా చున్నీ తీసి చొక్కా మీద ఇంకో చుట్టు చుట్టాను.

అమీర్‌పేటలో దిగబోతూ చున్నీ ఎలా తిరిగివ్వాలా అని తడబడ్డాడు. “విప్పకండి,” అన్నాను. ఆ మండుటెండలో మెట్రో స్తంభాల నీడ పట్టుకుని, వంగిపోయి నడిచాడు.

డ్రమ్ము బాగైందో లేదో తెలియదు. ఇప్పటికీ మా ఆఫీసులో మెకానిక్ వచ్చి జిరాక్స్ మిషన్ తెరిస్తే, ఎవరూ అడక్కుండానే లేచి కిటికీ పరదాలన్నీ మూసేస్తాను.