మందను పిలిచే పాట

అమ్రాబాద్ బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆమె పేరు అడగలేదు, ఆమె చెప్పలేదు.

నా ఫోన్‌లో జాగా నిండిపోయింది. పోయిన మా ఆయన గొర్రెలు కాస్తూ పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. పొద్దుగూకేటప్పుడు ఆయన పాట పెడితేనే మంద ఇంటిదారి పడుతుంది. ఇదంతా మనవరాలికి ఫోన్ చేసి చెప్పి, ఆ పాటలను ఇంటర్నెట్‌లో ఎక్కడ దాచాలని అడుగుతుంటే, ఈమె మధ్యలో దూరింది.

“ఒకదాంట్ల ఊకెనే పెట్టుకోవచ్చు, జాగా తక్కువ. ఇంకోదాంట్ల ఎన్నైనా పడతయి, నెలనెలా కిరాయి కట్టాలె.”

“కట్టకపోతే?”

“తీసేస్తరు.”

“సచ్చినోన్ని కిరాయింట్ల పెట్టాల్నా? అసలు నిన్నెవరడిగిండ్రు?”

ఆమె తగ్గలేదు. “గొర్లు మేసే కాడ సిగ్నల్ ఉంటదా అవ్వా?”

అక్కడ ఉండదు. ఆ మాట ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

“ఉండదుగద. గట్లయితే ఏదాంట్ల పెట్టినా ఆడ పాట రాదు. అన్నీ కిరాయి లేనిదాంట్ల దాచి, మందను పిలిచేదొక్కటి ఫోన్ల దించుకో. నీ అసొంటి పిసినారికి గది సాలు.”

నేను సంచీ ఎత్తి ఇద్దరి మధ్య పెట్టాను. ఆమె చెవుల్లో తీగలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

మనవరాలు అలాగే చేసింది. నిరుడు ఆ ఫోన్ వాగులో పడిపోయింది. మనవరాలు ఇంటర్నెట్‌లో దాచిన పాటను కొత్త ఫోన్‌లోకి దించి ఇస్తే, సాయంత్రం మంద దగ్గర పెట్టాను. ముందు ముసలి పొట్టేలు తలెత్తింది, తర్వాత అన్నీ కదిలాయి. ఆమెను తిట్టుకుంటూనే వాటి వెనక నడిచాను.